వేసవి యెండలు – లేగదూడలు

విద్యార్థులారా! ఎండలు ముదిరినంతనే మన పాఠశాల గంట తెల్లవారుజామునకు జరుగును. పగటి వేడిమికి పూర్వమే మీరు ఇండ్లకు చేరవలెనని పెద్దలు ఆ యేర్పాటు చేసిరి. మీరు పుస్తకముల సంచులతో తిరిగివచ్చు వేళకు గేట్ బజారు సందులలో ఒక స్తంభమునకో, గోడలోని మేకునకో కట్టబడిన లేగదూడ యొకటి మీకు కనుపించుచునే యుండును. దానికి వేళలు మార్చువారెవ్వరు? ఈ సంగతిని గూర్చి మీతోడను, మీ తల్లిదండ్రుల తోడను కొంత ముచ్చటింపదలచితిమి.

ఇది సామాన్యశాస్త్రపు పాఠము గదా, తెలుగు చెప్పువారికి దీనితో నేమి పని యని కొందరు శంకింపవచ్చును. ఇటీవల తరగతిలో "పలుపు" అను మాట వచ్చినది. ఇద్దరు ముగ్గురు తప్ప తక్కినవారు దాని యర్థమెరుగరు. పశువును కట్టు త్రాడని చెప్పితిమి. "పెయ్య" యన నేమని యడుగగా నొక బాలిక "బాఛురి" యని ఒడియాలో సరిగానే బదులు చెప్పినది. ఇరుగుపొరుగు భాష వచ్చుట మేలే. కాని పెయ్య మన పెరటిలో నుండగా దాని పేరు మన నోటనుండి జారిపోవుట మాకు కష్టము తోచినది. కావున ఈ వ్యాసమున పశువుల శాలకు సంబంధించిన మాటలు కావలెననియే వాడుచున్నాము. తెలియని మాట వచ్చినచో ఇంటిలో అవ్వనో తాతనో అడుగుడు.

మొదట మా ఇంట జరిగిన యొక సంగతి చెప్పెదము. అది 1998వ సంవత్సరపు వేసవి. ఆ యేట ఒడిశా రాష్ట్రమున వడదెబ్బకు 2,000 మందికి పైగా మరణించిరి. అప్పుడు మేము కళాశాలలో చదువుచుంటిమి. గేట్ బజారు వెనుక మా పెరటిలో ఒక ఆవు, దాని క్రింద నెలదాటని పెయ్య యుండెను. మా తల్లిగారు నాలుగిండ్లకు పాలు పోసి ఆ సొమ్ముతో మా చదువు జరుపుచుండిరి. ఒకనాటి యుదయము గోడకు పడమట చల్లని నీడలో గుంజ పాతి పెయ్యను కట్టి, "దీనిని చూచుచుండు" మని మాతో చెప్పి ఆమె పాలు పోయుటకు పోయిరి. అటనుండి బంధువుల యింట శుభకార్యమునకు పోవలసియుండెను. మేమును ఒక గంట చూచి, నీడ బాగుగనే యున్నదని తలచి, ఇచ్ఛాపురమునకు పోవు బస్సెక్కితిమి. తిరిగి వచ్చునప్పటికి మధ్యాహ్నము రెండు దాటినది. గోడ నీడ తూర్పునకు మరలినది. గుంజ పడమటనే యున్నది. పలుపు మూరెడు. పెయ్య నాలుక వెలికి చాచి, డొక్కలెగురవేయుచు పడియున్నది. చెంత నీటిచుక్క లేదు. నీళ్ళు చల్లితిమి, విసరితిమి. ప్రొద్దుగ్రుంకకమునుపే అది పోయినది.

తరువాతి సంగతి మీలో ఆవును సాకువారికి తెలియును. మన నాటుజాతి ఆవు దూడ కుడిచినగాని చేపదు. "చేపుట" యనగా పొదుగులోనికి పాలు దింపుట. మా యావు రెండు మూడు దినములు అరచి, పిదప బొత్తిగా ఎండిపోయినది. నాలుగిండ్లవారు వేరొకచోట పాలు కుదుర్చుకొనిరి. మా తల్లిగారు మమ్మొక మాట యనలేదు. ఆ యేటి రుసుము అప్పుచేసి కట్టిరి. దూడకు ఎవరును కీడు తలపెట్టలేదు. నీడలోనే కట్టితిమి. నీడ కదలునని మాత్రము తలపలేదు.

ఇక శాస్త్రమునకు వత్తము. దూడ శరీరోష్ణము ఆరోగ్యముగ నున్నప్పుడు సుమారు 38.5 నుండి 39.5 డిగ్రీల సెంటీగ్రేడు. దేహము లోపల నిరంతరము పుట్టు వేడిమిని వెలుపలికి పంపుచున్నగాని ఈ మట్టము నిలువదు. చుట్టునున్న గాలి చల్లగా నున్నయెడల చర్మమునుండి వేడి దానంతట అదియే పోవును. గాలియే శరీరమంత వేడెక్కినప్పుడు మిగిలిన మార్గమొక్కటే: తడి యారుట. చెమట యారుటచేతను, రొప్పునప్పుడు నోటిలోని తడి యారుటచేతను వేడి పోవును. విదేశపు జాతుల చిన్నదూడలపై జరిగిన పరిశోధనలను బట్టి, గాలి సుమారు 26 డిగ్రీలు దాటినది మొదలు దూడ తన్ను తాను చల్లార్చుకొనుటకు శ్రమింపవలసి యున్నది. మే మాసమున మన బరంపురమున అర్ధరాత్రి సైతము ఆ మట్టమునకు దిగుట అరుదు! మన నాటుదూడలకు సహనము అధికమే. గంజాము జిల్లాకే చెందిన ఘుముసరి జాతి చిన్న దేహము గలది, ఈ యెండలకు తరతరములుగా అలవాటుపడినది. అధికముగ పాలిచ్చునని జెర్సీ సంకరజాతిని తెచ్చుకొన్నవారు మాత్రము మరింత జాగ్రత్తగా నుండవలెను. గేదెదూడల మాట వేరు. నల్లని చర్మము ఎండను పీల్చుకొనును, స్వేదగ్రంథులా స్వల్పము. అందుకే గేదె నీటిని వెదకును. మన పొరుగుననున్న చిలికా గేదెలు రాత్రివేళ సరస్సులోనికి దిగి మేసి వచ్చుట కలదు. గేట్ బజారులో కట్టిన గేదెదూడకు చిలికా లేదు గనుక దానిపై దినమునకు రెండు మూడు మారులు నీరు పోయవలసినదే.

ఇచ్చట నొక చిక్కున్నది. పడమటి ఒడిశాలోని టిట్లాగఢ్ ఎండలకు ప్రసిద్ధి. అచ్చటి యుష్ణోగ్రతలను వార్తలలో విని, మన యూరు దానికన్న చల్లన యని సంతసింతుము. కాని అచ్చటి గాలి పొడిగాలి, తడి వెంటనే యారును. గోపాలపురపు సముద్రము మనకు 15 కిలోమీటర్లే. మన గాలి నీటియావిరితో బరువెక్కియుండును. మన చొక్కా యారనట్లే దూడ చెమటయు ఆరదు. కావున ఉష్ణమాపకము చూపు సంఖ్యను మాత్రమే చూచి దూడ సుఖముగ నున్నదని తలపరాదు. నాలుగువైపుల మూసిన కొట్టములో దినమంతయు నీళ్ళు చల్లుట మన యూరిలో ఉపకారము కాదు, అపకారము. ఆవిరి అందే నిలిచి, కొట్టము ఇడ్లీ పాత్రవలె నగును. పడక తడిసి పారుడు వ్యాధికి దారితీయును. తడితో పాటు గాలియాట యుండవలెను. రెంటిలో ఒకటే సాధ్యమైనచో గాలియాటనే కోరుకొనుడు.

ఇప్పుడు నీడ సంగతి. మన పాఠములో ముఖ్యభాగమిదే.

సూర్యుడు తూర్పున ఉదయించి పడమట అస్తమించుననియు, మధ్యాహ్నము కొంచెము దక్షిణముగ నుండుననియు మీరు చిన్న తరగతులలో చదివితిరి. శీతకాలమున అది నిజము. బరంపురము సుమారు 19 డిగ్రీల 19 నిమిషముల ఉత్తర అక్షాంశమున నున్నది. ఉత్తరాయణమున సూర్యుడు నానాటికి ఉత్తరముగ జరుగుచు, ఇంచుమించు మే 16, 17 తేదీలకు మధ్యాహ్నమున సరిగా మన నడినెత్తికి వచ్చును. అటుపిమ్మట మనలను దాటి ఉత్తరమునకు పోయి, తిరిగి జూలై 26, 27 తేదీల ప్రాంతమున మరల నడినెత్తికి వచ్చును. ఈ నడుమ రెండు నెలలకు పైగా సూర్యుడు ఉదయము మొదలు అస్తమయము వరకు మనకు ఉత్తరపు వైపుననే యుండును. ఈశాన్యమువైపున పొడిచి వాయవ్యమువైపున క్రుంకును. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని పెద్దలందురు గదా, ఆ కార్తె మే 25 ప్రాంతమున ప్రవేశించి జూన్ మొదటి వారము వరకు నుండును. అనగా సరిగా ఈ కాలముననే.

దీనినిబట్టి తెలియునదేమి? గోడ నీడను నమ్మరాదు. తూర్పు పడమరలుగా నిలిచిన గోడకు ఉత్తరమున శీతకాలమందు చక్కని నీడ యుండును. రోహిణి కార్తెలో అటు నీడయే యుండదు. దక్షిణపు వైపున నీడ యుండును గాని మధ్యాహ్నమునకు అది జానెడు కూడ నుండదు. ఉత్తర దక్షిణములుగా నిలిచిన గోడయైనచో ఉదయము పడమట, సాయంకాలము తూర్పున నీడనిచ్చును. మా పెయ్య చనిపోయినది అట్టి గోడ చెంతనే.

అట్లయిన పందిరి వేసినచో చాలునా? చాలదు. లెక్క చూడుడు. రెండు మీటర్ల ఎత్తున, రెండు మీటర్ల వెడల్పున నొక పందిరి వేసి, నట్టనడుమ గుంజ పాతితిమనుకొనుడు. మే మాసాంతమున ఉదయము తొమ్మిది గంటలకు దాని నీడ మీటరున్నరకు పైగా పడమటకు జరిగియుండును. మధ్యాహ్నమునకు సరిగా క్రిందికి వచ్చును. ఈ మధ్యాహ్నము గడియారపు పన్నెండు గాదు సుమా! మన యూరు భారత ప్రామాణిక కాలరేఖకు తూర్పున నున్నందున, ఆ దినములలో సూర్యుడు పన్నెండుకు ఇంచుమించు 12 నిమిషములు ముందే శిఖరమును చేరును. ఒకటిన్నర దాటిన కొలది నిమిషములకే గుంజ నీడ తప్పును. మూడు గంటలకు నీడ రెండు మీటర్లు తూర్పునకు పోయి, పందిరి వైశాల్యమంతయు ఎండపాలగును. నాలుగింటికి నీడ మూడు మీటర్లకు పైగా జరుగును. మూడు గంటల వేళ గాలియును నేలయును బాగుగ కాగియుండును. పందిరి వేసి దూడను కాపాడితిమని ఇంటివారు నిదురించుచుందురు, దూడ ఎండలో నిలిచియుండును.

దీనికి రెండు మందులు కలవు. మొదటిది, దూడను పలుపున బంధింపక, నీడ తిరుగు స్థలమంతయు చుట్టి వెదురుకంచె వేసి అందు వదలిపెట్టుట. నీడ ఎటు పోయిన దూడ అటు పోవును. దానికి ఎవరును నేర్పనక్కరలేదు. రెండవది, స్థలము చాలనిచో పందిరిని పడమటకు పొడిగించి ఆ చూరును క్రిందికి దింపుట. మేము ఆంధ్రదేశమున రాజమహేంద్రవరమందు ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో గోదావరి ప్రాంతపు పల్లెలకు పోవుచుంటిమి. అచ్చట నొక రైతు తన దూడలపాకకు పడమటి తాటాకు చూరును మనిషి నడుము వరకు దింపి, దక్షిణమును తూర్పును తెరచియుంచెను. కారణమడుగగా "పొద్దు వాలే వైపు మూయాలండి, గాలి వచ్చే వైపు తియ్యాలండి" యని రెండు ముక్కలలో చెప్పెను. ఖగోళశాస్త్రము నుపన్యసించి మేమిపుడు చెప్పుచున్నదియు నంతకన్న మించి యేమియు లేదు. మన పట్టణమునకు సముద్రము ఆగ్నేయమున నున్నది గనుక తూర్పు దక్షిణములు తెరచియుంచుట మనకును తగినదే. పాక కట్టుటకు వీలులేనివారు మధ్యాహ్నపు పన్నెండు మొదలు పడమటి వైపున గోనెపట్టాను నేలకు మూరెడెత్తున వ్రేలాడదీసిన చాలును. ఆ మూరెడు సందు గాలికొరకు.

కప్పు ఏదైన నొకటే యనుకొనరాదు. నడియెండలో రేకుల క్రింద నిలిచి అరచేయి పైకెత్తి చూడుడు, రేకును తాకకయే వేడి తెలియును. ఆ వేడి కిరణరూపమున దూడ వీపుపై దినమంతయు పడుచుండును. రేకుపై జానెడు మందమున వరిగడ్డియో తాటాకో పరచినచో ఎంతో మేలు. అంగడిలో దొరకు పచ్చని నీడవలను రేకునకు మూరెడు పైన కట్టినను మంచిదే. అన్నింటికన్న చెట్టునీడ మేలు. 2013వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన గోపాలపురము చెంత తీరము దాటిన ఫైలిన్ తుఫాను ఈ ప్రాంతపు పెద్దచెట్ల నెన్నిటినో కూల్చివేసినది. వాటి నీడన కట్టు పశువులు గోడల చెంతకు చేరినవి. మీరు నాటిన వేపమొక్క నీడనిచ్చుటకు ఏండ్లు పట్టును గాని, నాటనిదే ఆ ఏండ్లును ఆరంభము కావు.

దూరదేశముల వారికిని ఈ చిక్కే కలదు. అమెరికాలో పాడిపశువుల దూడలను ఒక్కొక్కదానిని తెల్లని ప్లాస్టిక్ గూటిలో ఆరుబయట పెంచుదురు. వ్యాధులు ఒకదానినుండి వేరొకదానికి అంటకుండుటకు అది మంచి పద్ధతి. కాని వేసవిలో గూడు కాగును. వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయము వారు గూటి వెనుకభాగము క్రింద నొక సిమెంటు దిమ్మ నుంచి పైకెత్తి పరిశీలించి, 2012లో ఫలితములను ప్రకటించిరి. లోపలి వేడి తగ్గినది, చెడుగాలి తగ్గినది, దూడల ఊపిరి వేగము నెమ్మదించినది. ఒక దిమ్మ! ఖర్చనునది సాకుగా చెప్పు పెద్దలకు ఈ మాట చదివి వినిపింపుడు. మన పాకకు వెనుకగోడ యున్నచో దాని యడుగున రెండు ఇటుకలు తీసినను గాలి అట్లే ఆడును.

నీటిని గూర్చి మన యిండ్లలో నొక పొరపాటు తలంపు కలదు. "పాలు త్రాగు దూడకు నీరెందుకు?" అందురు. దూడ కుడుచు పాలు ఒక ప్రత్యేకమైన కాలువగుండ సరాసరి నాలుగవ కడుపునకు పోవును. కుండలో నుంచగా త్రాగిన నీరు మొదటి కడుపునకు పోవును. గడ్డి నరిగించు సూక్ష్మజీవులు పెరుగవలసినది ఆ మొదటి కడుపులోనే. కావున పాలు నీటికి బదులు గావు. పుట్టిన కొలది దినములనుండియే శుభ్రమైన నీరు మట్టికుండలో నీడలో నుంచవలెను. వేసవిలో దినమునకు మూడు మారులు పారబోసి క్రొత్తనీరు పోయవలెను. కుడితి తొట్టిలోని పులిసిన నీరు లేగదూడకు పనికిరాదు. ఎండకాలమని పాలు తగ్గించుట మరియొక పొరపాటు. రొప్పుటకును శక్తి కావలెను. పాలమ్ముకొనువారు దూడకు మిగుల్చుటలో లోభించుట మాకు తెలియనిది కాదు, మా యింటిలోను ఆ లోభముండెను. పుట్టిన మొదటి గంటలలో ముర్రుపాలు కడుపార త్రాగింపుడు. వేసవిలో ఈనిన దూడలకు అది మరింత ముఖ్యము. చూడియావు చివరి నెలలలో ఎండకు బాధపడినచో పుట్టు దూడ బరువు తక్కువై, రోగనిరోధకశక్తియు సన్నగిల్లునని అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు పరిశోధనలు తెల్పుచున్నవి. అనగా దూడకు నీడ యిచ్చుట అది పుట్టకమునుపే ఆరంభింపవలెను.

రాత్రివేళ దూడను కొట్టములో బంధించుట వాడుక. గోడలు పగలు త్రాగిన వేడిని రాత్రి క్రక్కును. కుక్కల భయము లేనిచోట, కంచెలోపల, ఆకాశము క్రింద పండుకొననిచ్చిన మేలు. మన వీధులలో కుక్కల భయము లేనిచోటు ఏదని మీరడిగినచో, మా వద్ద బదులు లేదు. తలుపు తీసి, కంతలు పెద్దవైన వెదురుతడిక అడ్డముంచుడు. కొమ్ములు కాల్చుట, సంతకు తోలుట మొదలగు బాధించు పనులు వేసవిలో తెల్లవారుజామున తప్ప చేయరాదు.

దూడ బాధపడుచున్నదని తెలిసికొనుట యెట్లు? డొక్కను చూచి ఒక నిమిషము లెక్కింపుడు. నీడలో నెమ్మదిగా నున్న దూడ నిమిషమునకు 30, 40 మారులు ఊపిరి తీయును. 60 దాటినచో ఎండ బాధించుచున్నదని యెరుగుడు. నోరు తెరచి, నాలుక వెలికి వచ్చి, చొంగ కార్చుచు, నిలువలేక తూలుచున్నచో అది వడదెబ్బ. తక్షణమే నీడకు చేర్చి, ఒళ్ళంతయు చల్లని నీటితో తడుపుచు, విడువక విసరవలెను. విసనకఱ్ఱయైనను, విద్యుత్ పంకాయైనను సరే. తెలివి యున్నప్పుడు మాత్రమే కొంచెము కొంచెముగా నీరు త్రాగింపుడు. పడియున్న దూడ నోట బలవంతముగ పోసినచో నీరు ఊపిరితిత్తులలోనికి పోవును. ఒకరు విసరుచుండగా మరియొకరు పశువైద్యుని కొరకు పోవలెను. మేమానాడు ఈ రెండవ పని చేయలేదు.

సెలవులలో మీకొక పని. పెరటిలో గాని మేడమీద గాని ఒక మీటరు పొడవు గల కఱ్ఱను నిలువుగ పాతి, ఉదయము ఏడు మొదలు సాయంకాలము ఐదు వరకు గంట గంటకు నీడకొన పడుచోట సుద్దతో గురుతు పెట్టుడు. ఏప్రిల్ చివర నొకమారు, మే 17న నొకమారు, జూన్ 10 ప్రాంతమున నొకమారు ఈ విధముగ చేసి, మూడు దినముల గురుతులను కాగితముపై గీయుడు. మే 17న పట్టపగలు పదునొకండు ముప్పావు దాటగనే కఱ్ఱకు నీడయే లేకుండుట మీకు వింత గొలుపును. ఇంట దూడ యున్నవారు దాని గుంజ యెచ్చటనున్నదో ఆ పటముపైననే గుర్తింపుడు. లేనివారు పొరుగింటివారి యనుమతితో చేయవచ్చును. పాఠశాల తెరచిన మొదటి వారమున ఆ కాగితములను మాకు తెచ్చి యిండు. గుంజను కదల్చినవారు ఎటు కదల్చితిరో, ఎందుకు కదల్చితిరో ఐదు వాక్యములలో తెలుగున వ్రాసి జతపరుపుడు. పలుపు, గుంజ, చూరు, చేపుట అను మాటలు ఆ వాక్యములలో రావలెను.